ఎరుపు పోయింది, చాటింపు ఆగలేదు

ప్రశ్న: డాక్టరమ్మా, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా ఆయనకు 36 ఏళ్ళు, మామిడితోట చూసుకుంటారు. రెండేళ్ళలో ఆయన కుడికన్ను ఎర్రబడడం ఇది నాలుగోసారి. నొప్పి, నీళ్ళు కారడం, వెలుతురు చూడలేకపోవడం. మొదటిసారి కళ్ళకలక అనుకున్నాం. తర్వాత యువియైటిస్ అన్నారు. తెల్లటి చుక్కల మందు ఇస్తే నాలుగు రోజుల్లో ఎరుపు పోతుంది, ఆపేస్తాం. మళ్ళీ వస్తే పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అదే సీసా కొంటాం. ఈసారి స్కాన్ తీసి, కంటి వెనక నీరు చేరిందన్నారు. స్టెరాయిడ్ మాత్రలు, వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ రాశారు. అది క్యాన్సర్ మందని మా మరిది ఫోన్లో చూసి చెప్పాడు. స్టెరాయిడ్ వారం రోజులుగా వేసుకుంటున్నారు గానీ, ఆ రెండోది ముట్టుకోనంటున్నారు. నొప్పి మాత్ర వేసుకుంటే సరిపోదా? ఈ మందులు లోపల అసలు ఏం చేస్తాయి? మామిడిపండు వేడి, తినొద్దంటున్నారు, నిజమేనా?
— ఒక సోదరి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక మాట చెప్పి తర్వాత మిగతా విషయాలకు వస్తాను. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు కాబట్టి వాటిని ఉన్నట్టుండి ఆపకండి. మెథోట్రెక్సేట్ గురించి భయం ఉంటే ఆ భయాన్ని రాసిచ్చిన డాక్టరుకే ఈ వారంలో చెప్పండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ డాక్టరు సరైన దారిలోనే వెళ్తున్నారనిపిస్తోంది. కానీ కన్ను చూసింది ఆయన, నేను కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మెథోట్రెక్సేట్ సంగతి కాదు. "నాలుగు రోజుల్లో ఎరుపు పోతుంది, ఆపేస్తాం" అన్న మాట. రెండేళ్ళలో నాలుగుసార్లు రావడానికి కారణం చాలావరకు అక్కడే ఉండి ఉంటుంది.

మీకు ఒకటి చూపించాలనుంది. కంటి డాక్టరు దగ్గర గడ్డం ఆనించి కూర్చోబెట్టే మిషన్ ఉంటుంది కదా, స్లిట్ ల్యాంప్. అందులోంచి సన్నటి వెలుతురు గీతను కంట్లోకి పంపి చూస్తాం. పెంకుటింట్లో పైకప్పు సందులోంచి ఎండ పడితే అందులో దుమ్ము కణాలు తేలుతూ కనిపిస్తాయి చూడండి, అచ్చం అలాగే కంటి ముందు గదిలోని నీళ్ళలో తెల్లకణాలు తేలుతూ కనిపిస్తాయి. ఒక మిల్లీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు వెలుతురులో అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం. 50 దాటితే నాలుగు ప్లస్, 6 నుంచి 15 వరకు ఉంటే ఒక ప్లస్. ఆరోగ్యంగా ఉన్న కంట్లో ఒక్కటి కూడా ఉండకూడదు. చుక్కలు వేసిన నాలుగో రోజుకు మీ ఆయన కన్ను అద్దంలో తెల్లగానే కనిపించి ఉంటుంది. అదే రోజు స్లిట్ ల్యాంప్ పెట్టి చూస్తే పదో పన్నెండో కణాలు ఇంకా తిరుగుతూ ఉండి ఉండొచ్చు. మనం ఎరుపును చూసి మందు ఆపుతాం, డాక్టరు ఆ కణాలను చూసి ఆపుతాడు.

పిల్లల్లో వచ్చే ఒకరకం కీళ్ళవాతంలో కన్ను అసలు ఎర్రబడకుండానే, నొప్పి లేకుండానే లోపల ఈ వాపు నడుస్తూ ఉంటుంది. బిడ్డ ఆడుకుంటూనే ఉంటుంది, చూపు మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. అందుకే ఆ పిల్లలకు ఏ ఇబ్బందీ లేకపోయినా కొన్ని నెలలకోసారి కన్ను చూపించాలంటాం.

ఇక లోపల ఏం జరుగుతుందో చెబుతాను. నల్లగుడ్డు లోపల కనిపించే రంగు పొర, దాని వెనక కండరం, ఇంకా వెనక రక్తనాళాలతో నిండిన పొర, ఈ మూడూ కలిపి యువియా. దానికి వచ్చే వాపు యువియైటిస్. ఇది కళ్ళకలకలా ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. చాలామందిలో ఇది శరీరపు సొంత రక్షణ వ్యవస్థ పొరపాటున కంటి మీదికి వెళ్ళడం వల్ల వస్తుంది.

మామూలుగా మన కన్ను రక్షణ కణాలను దూరంగా ఉంచుతుంది. చర్మం మీద గాయమైతే వాచి, మచ్చ కట్టి మానుతుంది, నష్టం లేదు. కంట్లో మచ్చ కడితే చూపు పోతుంది. అందుకే కంటి రక్తనాళాల గోడలు బిగువుగా ఉంటాయి. లోపలి నీళ్ళలో రక్షణ కణాలను చల్లబరిచే పదార్థాలు కూడా ఉంటాయి. ఆ ప్రశాంతత చెదిరినప్పుడే ఈ జబ్బు.

తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్ళకు దీని తీరు తేలిగ్గా అర్థమవుతుంది. జాతర మొదలయ్యే ముందు రాత్రి పొలిమేరల్లో చాటింపు వేస్తారు. ఆ చాటింపు విన్నాక ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని కట్టుబాటు. కంట్లోనూ మొదట జరిగేది చాటింపే. ఏదో ఒక కణం అపాయం ఉందనుకుని కొన్ని రసాయనాలను వదులుతుంది. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6 అని వాటికి పేర్లు. ఇవి కబుర్లు. టీఎన్ఎఫ్ కబురు అందగానే రక్తనాళం లోపలి గోడ మీద కొక్కేల్లాంటివి పైకి లేస్తాయి. రక్తంలో దొర్లుకుంటూ పోయే తెల్లకణాలు వాటికి తగులుకుని, గోడ సందుల్లోంచి కంట్లోకి దిగుతాయి. గోడలు వదులై నీరు కూడా కారుతుంది. మీ ఆయన స్కాన్లో కనిపించిన నీరు ఇలా చేరిందే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కబురు ఒక కణానికి అందితే, ఆ కణం లోపల ఎన్ఎఫ్ కప్పా బి అనే ఒక ప్రోటీన్ మేలుకుంటుంది. మామూలుగా దాన్ని ఇంకో ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. కబురు రాగానే ఆ పట్టు విడిపోతుంది, అది కణం నడిమిలోని జన్యువుల దగ్గరికి వెళ్ళి "ఇంకా టీఎన్ఎఫ్ తయారుచెయ్యి, ఇంకా ఇంటర్‌ల్యూకిన్ తయారుచెయ్యి" అని ఆజ్ఞ వేస్తుంది. అంటే చాటింపు విన్నవాడే తాను కూడా డప్పు పట్టుకుంటాడు. వాడి డప్పు విని పక్కవాడు. అందుకే ఈ వాపును సగంలో వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పది కణాలు మిగిలితే చాలు, మళ్ళీ ఊరంతా మోగుతుంది.

నొప్పి మాత్ర సరిపోదా అని అడిగారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాపు మందులే, కాదనను. కానీ అవి ఆపేది ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒక్క రకం పదార్థాల తయారీని. ఆ సంగతి కనిపెట్టింది 1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, దానికే 1982లో నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. ప్రోస్టాగ్లాండిన్లు తగ్గితే నొప్పి తగ్గుతుంది, ఎరుపు కొంత తగ్గుతుంది. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ల చాటింపు మాత్రం సాగుతూనే ఉంటుంది. మీ ఆయన విషయంలో దీనివల్ల ఒక ప్రమాదం కూడా ఉంది: నొప్పి తగ్గింది కదా అని ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా వేస్తారు. శుక్లాల ఆపరేషన్ తర్వాత వచ్చే వాపుకు ఈ రకం చుక్కలు వాడతాం, అక్కడ బాగా పనికొస్తాయి. ఈ జబ్బుకు అవి ఒక్కటే చాలవు.

స్టెరాయిడ్ ఇంకా పైనుంచి పట్టుకుంటుంది. అది కణం గోడ దాటి లోపలికి వెళ్తుంది, అక్కడ తనకోసం ఉన్న గ్రాహకాన్ని పట్టుకుంటుంది, రెండూ కలిసి జన్యువుల దగ్గరికి చేరతాయి. అక్కడ ఎన్ఎఫ్ కప్పా బి ఆజ్ఞలు సాగకుండా అడ్డుపడతాయి. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్లు రెండూ తగ్గుతాయి. ప్రోస్టాగ్లాండిన్లకు కావలసిన ముడిసరుకు కూడా తగ్గుతుంది. ఒక్క మందు ఇన్ని డప్పులు ఆపుతుంది కాబట్టే 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో మంచాన పడ్డవాళ్ళకు కార్టిసోన్ ఇచ్చినప్పుడు కొన్ని రోజుల్లోనే వాళ్ళు లేచి నడవగలిగారు. 1950లో ఆయనతో పాటు మరో ఇద్దరికి కలిపి నోబెల్ వచ్చింది. ఆ బలం నిజమే, దాని వెనక ఉండే ఇబ్బంది కూడా నిజమే. స్టెరాయిడ్ పట్టుకునే గ్రాహకం కంట్లోనే కాదు, దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. కాలేయం ద్వారా రక్తంలో షుగర్ పెంచుతుంది, ఎముక పలచబడేలా చేస్తుంది, కంటి లెన్సులో శుక్లం తెస్తుంది. కంట్లో నీరు బయటికి పోయే జల్లెడ దారిని మందగింపజేసి కంటి ప్రెషర్ పెంచుతుంది. కొందరికి చుక్కలతోనే ప్రెషర్ బాగా పెరుగుతుంది, వాళ్ళకు నొప్పి కూడా తెలియదు. చూపు అంచుల నుంచి పోతూ ఉంటుంది.

అందుకే అమ్మా, పాత చీటీతో ఆ సీసా కొనడం మానండి. చుక్కలు చెడ్డవని కాదు, ఆ చుక్కలు పడుతున్న కంటికి ప్రెషర్ చూసేవాళ్ళు లేకపోవడం చెడ్డది. ఇంకో కారణం కూడా ఉంది. కన్ను ఎర్రబడిన ప్రతిసారీ అది అదే జబ్బు కానక్కర్లేదు. హెర్పిస్ వైరస్ వల్ల నల్లగుడ్డు మీద పుండు పడినా కన్ను ఎర్రగానే ఉంటుంది. అక్కడ స్టెరాయిడ్ ఒక్కటే వేస్తే పుండు ముదిరిపోతుంది.

చుక్కలు ఎలా వేస్తున్నారో కూడా అడగాలి. ఆ తెల్లటి మందు చాలావరకు ప్రెడ్నిసొలోన్ అసిటేట్. అది నీళ్ళలో కరగదు, పాలలా తేలుతూ ఉంటుంది, సీసా నిలబెడితే అడుక్కి చేరుతుంది. ఊపకుండా వేస్తే పైన ఉన్న నీళ్ళే పడతాయి, మందు అడుగునే మిగులుతుంది. బాగా ఊపి, కింది రెప్పను కొంచెం కిందికి లాగి, ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. మందు గొంతులోకి జారిపోకుండా కంట్లోనే ఉంటుంది. ఇంకో చుక్కల మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయాలి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు కూడా ఇచ్చి ఉంటే, చూపు మసకేస్తోందని వాటిని మానొద్దు. అవి వేయకపోతే పాప అంచు వెనక లెన్సుకు అతుక్కుపోతుంది.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక ఆటో నడిపే అబ్బాయికి ఈ చుక్కలు రాసిచ్చాను. రోజుకు ఎన్నిసార్లో చెప్పాను, ఎప్పుడు ఎంత తగ్గించాలో కూర్చోబెట్టి చెప్పలేదు. ఎరుపు పోగానే ఆపేశాడు. ఏడు నెలల తర్వాత వచ్చాడు. పాప గుండ్రంగా లేదు, అక్కడక్కడా అతుక్కుపోయి పూరేకుల్లా ఉంది. ఆ పాపను పూర్తిగా విడదీయలేకపోయాను. అప్పటి నుంచి ఏ రోజు ఎన్ని చుక్కలో తేదీలు వేసి కాగితం మీద రాసిస్తున్నాను. మీకు అలాంటి కాగితం ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి.

మరి ఈసారి మాత్రలు ఎందుకంటే, చుక్కలు కంటి ముందు భాగానికి అందినంతగా వెనక్కి అందవు. నీరు చేరింది సూటిగా చూసే చోట, కంటి వెనక తెరలాంటి రెటీనా నడిమిలో. అక్కడ నెలల తరబడి నీరు నిలిస్తే చూపు తిరిగి రాదు. అందుకే నోటి ద్వారా స్టెరాయిడ్. పొద్దున, టిఫిన్ తిన్నాక వేసుకోవాలి. కొన్ని వారాలు వాడాక శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేస్తుంది. ఒక్కరోజులో ఆపితే నీరసం, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం వరకు వెళ్ళొచ్చు. మెల్లగా తగ్గించడం వెనక ఈ కారణమూ ఉంది, చాటింపు మళ్ళీ లేవకుండా చూసుకోవడమూ ఉంది.

కానీ స్టెరాయిడ్‌ను పెద్ద డోసులో ఏళ్ళ తరబడి ఇవ్వలేం. రోజుకు 7.5 మిల్లీగ్రాముల లోపుకు దించాలని చూస్తాం. దించినా వాపు లేవకుండా పట్టి ఉంచేందుకు ఇంకో మందు కావాలి. మెథోట్రెక్సేట్ వచ్చేది ఇక్కడే.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. అది క్యాన్సర్‌కు వాడే మందే. దాని పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన బృందాన్ని నడిపారు. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌నూ, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్ లాంటి మందులనూ తయారుచేసింది ఆ బృందమే. 1948లో అవి రక్తక్యాన్సర్ పిల్లల్లో పనిచేస్తున్నాయని వెల్లడైంది. అదే ఏడు సుబ్బారావు కన్నుమూశారు. ఆ తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, క్యాన్సర్‌కు ఇచ్చే డోసులో చిన్న వంతు, అదీ వారానికి ఒక్కసారి ఇస్తే, అది కణాలను చంపదు. కణాల చుట్టూ అడెనోసిన్ అనే పదార్థాన్ని పెంచుతుంది. అది రక్షణ కణాలకు "ఇక చాలు" అనే కబురు. చాటింపును ఎదిరించే కబురు అన్నమాట. కీళ్ళవాతానికి కొన్ని దశాబ్దాలుగా ఇలాగే వాడుతున్నారు. యువియైటిస్ ఉన్న 216 మంది మీద, వాళ్ళలో మన దేశంవాళ్ళు కూడా ఉన్నారు, జరిపిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. మెథోట్రెక్సేట్ వేసుకున్నవాళ్ళలో ఆరు నెలలకు దాదాపు మూడింట రెండు వంతుల మందికి స్టెరాయిడ్ తగ్గించినా వాపు అదుపులో ఉంది. నాకు ఇది చాలా ధైర్యం ఇచ్చిన ఫలితం.

అయితే ఈ మందుతో ఒక్క తప్పు జరగకూడదు. ఇది వారానికి ఒక్కసారి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అలా జరిగినవి ఉన్నాయి. మీ ఇంట్లో టీటీడీ క్యాలెండర్ ఉంటుంది కదా, వారంలో ఒక రోజు ఎంచుకుని, బుధవారం అనుకోండి, ప్రతి బుధవారం గడికీ సున్నా చుట్టండి. మాత్ర వేసుకున్నాక ఆ సున్నా మీద గీత కొట్టండి. ఆ మాత్రల డబ్బా మీ దగ్గరే ఉంచుకోండి. దీనితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఏ రోజుల్లో అన్నది చీటీలో చూసుకోండి, రెండూ తారుమారు కాకూడదు. రెండు మూడు నెలల దాకా దీని పని తెలియదు, "వేసుకున్నా ఏమీ లేదు" అని మానేస్తే శ్రమంతా వృథా. మధ్యమధ్యలో రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చేయిస్తారు. సారా, బ్రాందీ ఏదైనా అలవాటుంటే పూర్తిగా మానాలి. నోట్లో పుండ్లు, జ్వరం, ఆగని దగ్గు వస్తే మరుసటి మాత్ర వేసుకోకముందే డాక్టరుకు చెప్పాలి. ఏ రోగానికి ఎవరి దగ్గరికి వెళ్ళినా ఈ మందు పేరు చెప్పండి. ఇన్ఫెక్షన్లకు ఇచ్చే సెప్ట్రాన్ లాంటి మాత్రలు దీనితో కలిస్తే రక్తకణాలు పడిపోతాయి, నొప్పి మాత్రలు కూడా సొంతంగా కొని వేసుకోకూడదు. మీరు బిడ్డ కోసం చూస్తుంటే అది కూడా ముందే చెప్పండి.

దీనికి కూడా లొంగకపోతే అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, రెండు వారాలకోసారి చర్మం కింద ఇస్తారు. అది టీఎన్ఎఫ్‌ను గాలిలోనే పట్టేసినట్టు పట్టేస్తుంది, కణానికి కబురు చేరదు. 2016లో అమెరికాలో యువియైటిస్‌కు అనుమతి వచ్చింది. మన దేశంలో తయారైనది కూడా దొరుకుతోంది. టీఎన్ఎఫ్‌ను ఆపేముందు టీబీ లేదని తేల్చుకోవాలి, ఎందుకంటే చాలామంది ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న టీబీని గోడ కట్టి ఉంచేది ఆ టీఎన్ఎఫే. మీకు ఇప్పుడు దాని అవసరం వస్తుందో రాదో తెలీదు, టెన్షన్ పడకండి.

టీబీ అంటే గుర్తొచ్చింది. చెస్ట్ ఎక్స్‌రే, టీబీ, సిఫిలిస్ పరీక్షలు చేయించారా? మీరు రాయలేదు. ఈ మందులు మొదలుపెట్టే ముందు అవి తప్పనిసరి, టీబీ కూడా యువియైటిస్ తెస్తుంది. మీ ఆయన తోటలో, బురదలో, పశువుల మధ్య తిరిగే మనిషి కాబట్టి లెప్టోస్పైరోసిస్ గురించి కూడా అడగండి. 1993 వరదల తర్వాత మదురై వైపు ఆ జ్వరం వచ్చినవాళ్ళలో యువియైటిస్ గుంపుగా కనిపించింది. ఇంకొకటి, పొద్దున లేవగానే నడుం అరగంటకు పైగా పట్టేసి, నడిచేకొద్దీ సర్దుకుంటుందా? అలా ఉంటే చెప్పాలి. వెన్ను కీళ్ళ వాపు, కంటి వాపు ఒకే మూలం నుంచి రావడం మగవాళ్ళలో తరచూ చూస్తుంటాను.

మామిడిపండు తిననివ్వండి. వేడి చేసి యువియైటిస్ రావడమనేది లేదు. తోట ఉన్న మనిషిని సీజన్లో పండు ముట్టొద్దంటే ఎంత బాధో నాకు తెలుసు. స్టెరాయిడ్ మాత్రలు వాడినన్నాళ్ళూ షుగర్ పరీక్ష చేయించి, అది పెరగకపోతే పూటకొకటి తిన్నా ఫర్వాలేదు, పెరిగితే డాక్టరు చెప్పినంత. ఉప్పు తగ్గించండి. చనుబాలు, తేనె, ఆముదం, ఆకు పసరు, ఏదీ కంట్లో వేయనివ్వకండి, ఎవరు చెప్పినా సరే.

చూపు ఉన్నట్టుండి తగ్గినా, కంటి ముందు నల్లచుక్కలు గుంపుగా లేచినా, నొప్పి తలలోకి పొడిచినా అదే రోజు తిరుపతికో వెల్లూరుకో యువియైటిస్ చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళిపోండి. ఇప్పటికైతే మీ డాక్టరు దగ్గరికి ఆ స్కాన్ కాగితం, పాత చీటీలు, సగం వాడిన సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. మూడు సంగతులు అడగండి: వాపు ముందు భాగంలోనా, వెనకా, రెండింటిలోనూనా? కంటి ప్రెషర్ ఎంత ఉంది? స్టెరాయిడ్ ఏ తేదీకి ఎంతకు తగ్గించాలి? మీ మరిదిని కూడా వెంట తీసుకెళ్ళండి, ఫోన్లో చూసినవన్నీ అక్కడే అడగనివ్వండి.